సెల్లారు మీటింగు, మూడో ఆదివారం

పదిహేడు కుర్చీలు వేశాం, పదకొండు నిండాయి.
మిగతావాళ్ళు బాల్కనీల్లోంచి వింటున్నారు,
చేతిలో కాఫీతో.
మినిట్స్ రాయడం ఈ నెల నా వంతు.
ఎజెండా ఒక్కటే:
మన ప్రహరీ లోపల, ఆరడుగుల దూరంలో
మొన్న ఎవరో గీసిపోయిన ఎర్రగీత.

జనరేటరు గది గీతకి అవతల.
పిల్లల జారుడుబల్ల సగానికి సగం.
మెట్లు మనకి మిగుల్తాయి,
జారేది రోడ్డు మీదికి.

మా అపార్ట్‌మెంటు పేరు సాగర్ వ్యూ.
నీళ్ళ ట్యాంకు ఎక్కితే రుషికొండ వైపు
వేలెడు నీలం కనిపించేది.
పోయినేడు దాన్నీ కప్పేస్తూ
పద్నాలుగు అంతస్తులు లేచాయి.
వాటి పేరు కూడా సముద్రానిదే.

పాత్రో గారు మాస్టర్ ప్లాను తెచ్చి
స్కూటీ సీటు మీద పరిచారు.
కొమ్మాది నుంచి కొండ నడుం చుట్టి వచ్చే రోడ్డు
అందులో కుట్టుదారమంత.
"అరవై అడుగులే" అన్నారాయన.
"ఎనభై అట" అంది ఫిలోమినా సిస్టరు.
"వంద" అని మూడో అంతస్తు.
వేలంపాటలో లాగ పెరిగింది వెడల్పు.

"బాండ్లిస్తారులెండి."
"బాండు మీద బట్టలారేస్తానా?
ఇంకా పదమూడేళ్ళ కిస్తీలున్నాయి నాకు.
పోయే ఆరడుగులకీ కట్టాలా?"
దమయంతి టీచరు నవ్వించాలని అనలేదు.
అయినా నవ్వాం.

షిప్‌యార్డు ఖాసిం గారు లేచి నిలబడ్డారు.
"రోడ్డు రానివ్వండి.
మా ఆవిణ్ణి ఎక్కించుకున్న అంబులెన్సు
హనుమంతవాక దగ్గర నలభై నిమిషాలు ఆగిపోయింది."
అంతే అన్నారు.
తర్వాతేమైందని ఎవరూ అడగలేదు.
నీళ్ళ మోటారు దానంతటదే కట్టయింది.

ఎవరో గొంతు సవరించుకుని,
"రోడ్డు పడితే చదరపడుగు తొమ్మిదివేలు" అన్నారు.
అప్పుడొక నిశ్శబ్దం.
విచారం కాదు, హెచ్చవేత.

స్తంభం వెనకాల ఇస్త్రీబట్టలు మడతపెడుతూ
వాచ్‌మన్ భార్య ఎర్రియ్యమ్మ అంది,
"ఆడ గెడ్డుండీది బాబూ."

ఎవరూ తల తిప్పలేదు. మళ్ళీ అంది.
"ఆ జారుడుబల్ల కాడే నాను జీడిపిక్కలు ఏరీదాన్ని.
వానొస్తే కొండమీంచి నీలు దిగి
ఇటే ఎల్లీవి.
ఆల గీత సరీగ్గా గెడ్డ మీదే పడినాది."

బ్రోచర్లో అక్కడ 'వాకింగ్ ట్రాక్' అనుంది.
ఏటా అక్టోబరులో
ఫ్లాటు నంబరు అడక్కుండా సెల్లారులోకొచ్చి
మోకాళ్ళ దాకా నిలబడే నీళ్ళు
ఎవరింటికి ఎవరొచ్చారని చూస్తాయో
నాకప్పుడు తట్టింది.

"మా తోటకీ గీసినారు, సున్నంతోటి.
వానకి గీత కొట్టుకుపోనాది గానీ
తోట మరి రానేదు."
చొక్కా కాలరు సరిచేసి
దొంతర మీద పెట్టింది. అది నాదే చొక్కా.

తీర్మానం: జీవీఎంసీకి అర్జీ.
గీతని అవతలి వరసకి జరపమని.
అవతలి వరసవాళ్ళ మీటింగు
వచ్చే ఆదివారమని విన్నాం.
అందరూ సంతకాలు పెట్టారు,
ఖాసిం గారు తప్ప.

హాజరు పట్టీలో ఆఖరి పేరుగా
ఎర్రియ్యమ్మని రాశాను.
పక్కన ఫ్లాటు నంబరు గడి.
పెన్ను కాసేపు ఆగింది.
'గెడ్డ' అని నింపాను.
కొట్టేయమని ఎవరూ అనలేదు,
మినిట్స్ ఎవరూ చదవరు కనక.