మూడో పలక

ధర్మాబాద్ మిర్చి యార్డుల
ఎలక్ట్రానిక్ బోర్డుకు మళ్లీ నత్తి పట్టింది.
ఎర్ర అంకెలు సగం దిగి ఆగిపోతున్నయి.
సెక్రటరీ జోంధలే సాబ్ ఫోన్ల మరాఠీల మందలిస్తుంటే
నేను తెలుగుల తల గోక్కుంటున్న.

తప్పు నాదే. ప్రోగ్రాం నాదే.
గీసేదానికొక బఫర్, చూపెట్టేదానికొక బఫర్.
గీసుడయితే చూపుడయ్యేదాక నిలబడాలె,
చూపుడయితే గీసుడయ్యేదాక.
నడుమ ఒక తాళం.
చెవి ఎప్పుడూ అవతలోని జేబుల.

మధ్యాహ్నం ఘాటుకు తుమ్ముకుంట
పాత తూకం షెడ్డుకు పోయిన.
పోశెట్టి కాక గోనెసంచి మీద కూసోని
చాయ్ సాసర్ల పోసి ఊదుతున్నడు.
బోర్డు రాకముందు ధరలు రాసిన చెయ్యి అది.
పైన అటక మీద తను,
కింద అరుగు మీద కేకేసే పిరాజీ,
ఇద్దరికి రెండు పలకలు.

"వాడు సదివి గొంతు తడుపుకునేదాక
నా చేతిల సుద్ద ఊకెనే ఉండేది.
నేను రాసేదాక వాడు నోరు తెరిసి మీదికి చూసేటోడు.
ఇద్దరికి పనుంది బిడ్డా, ఇద్దరం ఖాళీ."

మరేం జేసిన్రు?

సాసరు దించి మెట్ల మలుపు చూపెట్టిండు.
తుప్పు పట్టిన మేకు.
"మూడో పలక కొన్న.
రాసింది మేకుకు తగిలించి, మేకుకున్నది తీసుకపోత.
సదివింది మేకుకు తగిలించి, మేకుకున్నది వాడు తీసుకపోతడు.
ఎవ్వని కోసం ఎవ్వడు ఆగేది లేదు.
మేకు కాడ మాత్రం ఒక్కని చెయ్యే.
రెప్పపాటు."

కొత్తది లేకుంటే?
"కొత్తదానికి మూలకు సుద్దచుక్క.
చుక్క లేకుంటే చేతిలున్నదే ఇంకోపారి అరుస్తడు."

ఆ రాత్రి క్యూ మొత్తం కొట్టేసిన,
తాళం పీకేసిన.
మూడు బఫర్లు, ఒక మేకు, ఒక చుక్క.
తెల్లారి అంకెలు తడబడకుంట దిగినయి.
జోంధలే సాబ్ "ఛాన్" అన్నడు, ఒక్కటేసారి.

కాకను తీసుకపోయి చూపెట్టిన.
కండ్లు చిట్లించి చానాసేపు చూసిండు.
"పిరాజీ రాకముందే ఇంకో ధర వస్తే
మేకు మీదిది సదవకుంటనే తుడిచేటోన్ని.
నీ మిషన్ల గూడ పోతయా అట్ల?"

పోతయి కాక. నిమిషానికి పది.

"ఓ ఎండకాలం పదహారు వందల నలభై రాసిన.
రెండు నిమిషాలే ఉండె ఆ ధర.
పిరాజీకి దగ్గు తెర.
ఇంతల కిందికి పడ్డది, తుడిచిన.
అంత పలికిందని యార్డుల నాకొక్కనికే ఎరుక."
తువ్వాలతోటి వేళ్లు తుడుసుకున్నడు,
సుద్ద లేని వేళ్లు.
"పోయినయాటి లెక్క రాస్తున్నవా?"

రాస్తలేను.

ఇప్పుడు ప్రోగ్రాముల ఒక చిన్న అంకె ఉంది.
బోర్డు మీదికి రాదు.
పొద్దుగూకంగ చూస్త, కాకకు ఫోన్ చేస్త:
నాలుగు వేల నూట పదకొండు.
"ఊఁ" అంటడు.
అవతల చాయ్ ఊదుతున్న సప్పుడు.