వెనక అట్ట

గుణుపురం ఆసుపత్రిలో నా జీతం ఊడ్చడానికి.
మాట మార్చడం ఊరికే చేస్తాను.
సాబత్ డాక్టరమ్మది ఒడియా,
చీటీ పట్టుకున్న తవిటమ్మది మా తెలుగు,
మధ్యలో ఫినాయిలు బకెట్టుతో నేను.

"పదహారు దాటింది, ఇంకా సమర్తాడలేదు.
దీని ఈడు పిల్లలందరి చిమ్మిలీ తినొచ్చేను.
మా ఇంట రోలు అలాగే ఉంది."
మూడు ముక్కల్లో చెప్పాను.
డాక్టరమ్మ రాసుకుంది. రోలు సంగతి రాయలేదు.

పొద్దుట్నించీ ఒంటికి పోలేదంట.
బొడ్డు కింద గట్టిగా, కొబ్బరికాయలా.
తోడికోడలు చూసి ఏదో అనేసిందట.
అది మాత్రం నా చెవిలోనే చెప్పింది.
గొట్టం వేసి ఒంటేలు తీశారు,
అందులోనే ఆ పరీక్షా చేశారు.
ఏమీ లేదు.
డాక్టరమ్మ మాట పూర్తవకముందే
ఆ ముక్క మార్చేశాను.

అప్పుడు నోరు విప్పింది లిపిక.
ఒడియా బడి చదువు, నా అవసరం లేదు.
"పేట కాటుచి, ప్రతి మాసరే."
ఇక్కడ పొట్టని పేట అంటారు.
తవిటమ్మ ఏ పేట అనుకుందో.
సంచీలోంచి ఎనిమిదో తరగతి లెక్కల నోటుబుక్కు తీసి
వెనక అట్ట తిప్పింది.
పెన్సిలు గీతలు, పక్కన తేదీలు.
నాలుగు గీతలు, ఖాళీ. నాలుగు గీతలు, ఖాళీ.
చెమట తాకి కొన్ని మసకబారాయి.
డాక్టరమ్మ వేలుతో లెక్కపెట్టింది:
ఇరవయ్యెనిమిది. ఇరవైతొమ్మిది. ఇరవయ్యెనిమిది.

స్కానులో నల్లగా నిండిన సంచి.
దానికి డాక్టరమ్మ చెప్పిన పేరు ఇంగ్లీషు.
ఒడియాలో ఆమెకి రాలేదు, తెలుగులో నాకు రాలేదు.
చీపురు గోడకి ఆనించి అన్నాను:
"తవిటమ్మా, ముట్టు వస్తానే ఉంది.
గుమ్మం దాకా వచ్చి నిలబడిపోతోంది.
పుట్టినప్పుడే అక్కడో పొర మూసుకుపోయింది.
చిన్న గాటు పెడతారు, అంతే.
గర్భసంచి బాగుంది. పిల్ల బాగుంది."

ఏడుస్తుందనుకున్నాను.
"అయితే ఎప్పుడు సమర్తాడినట్టు?" అంది.

ఆ ప్రశ్న నేను మార్చలేదు.
ఏమంటోందని డాక్టరమ్మ నా వంక చూస్తోంది.
లిపికే అట్ట మీద
మొదటి గీత దగ్గర వేలు పెట్టింది.

మూడేళ్ళ కిందటి రజొ పండగ.
భూమి బయట చేరిందని నాగళ్ళు దించి
వీధివీధంతా ఉయ్యాలలూగిన మూడు రోజులూ
ఈ పిల్ల గోడవైపు తిరిగి ముడుచుకుని.

"పోడపిఠా మెక్కేవని కొట్టేను కదే,"
అంది తవిటమ్మ. నాతో కాదు.

సాయంత్రం థియేటరు బయట
నువ్వుల ధర అడిగింది నన్ను.
చెప్పాను.
నడవ ఇంకా తుడవలేదు, వెళ్ళాను.