ఒకటికి ఐదువందలు

రేపు పొద్దున తొమ్మిదింటికి పెట్టుబడుల సదస్సు.
ఇవాళ రాత్రి దోహాలో, ఆ పెద్ద హాల్లో
నేనూ, నా జిగురు డబ్బా,
ఇంకా పునాది తవ్వని ఒక నగరం.

కొలత ఒకటికి ఐదువందలు.
చిటికెన వేలంత మసీదు.
అగ్గిపుల్లల కాళ్ల మీద మెట్రో.
రెజిన్ పోసిన సముద్రం ఆరనే లేదు,
తుమ్ము వస్తే తలుపు దాకా ఉరికి తుమ్మి వస్తున్నా.

నిర్మల్లో మా నాయన
పొనికి కర్రతో సీతాఫలం చెక్కితే
చీమలు బారు కట్టేవని చెప్పుకునేటోళ్లు.
నేను చూడలేదు.
చింతగింజల జిగురుకే వచ్చాయేమో.

మనుషులు మాత్రం డబ్బాలో వస్తారు,
నువ్వుగింజంత:
సంచీ పట్టిన ఆవిడ, కుక్కతో పెద్దాయన,
నడి ఎండాకాలం కోటు వేసుకున్న ఇద్దరు.
తాపీ పట్టినోడు ఏ డబ్బాలోనూ లేడు.
కట్టడం అయిపోయినంక ఊరు కదా ఇది,
అంటాడు మేనేజర్ ఫిరాస్.
అదీ నిజమే.
పట్టకారుతో ఒక్కొక్కరినీ నిలబెడుతుంటే తెల్లారింది.

పదకొండింటికి విరామం.
వేల కోట్ల రియాళ్లు మాట్లాడి నోరెండిన ఒకాయన
గావా కప్పు తెచ్చి సముద్రంలో పెట్టాడు.
తీస్తే, గుండ్రంగా అచ్చు.
గోడవారన నాకు చెమటలు.
"ఇదేమిటి?" ఇంకొకాయన వంగి అడిగాడు.
ఫిరాస్ రెప్ప వేయలేదు.
"రెండో దశ" అన్నాడు.
రాసుకున్నారు.

సాయంత్రం ఫోన్:
అక్కడ దీవి కావాలి, గురువారానికి.
మనుషుల్ని ఎందరిని పెట్టాలి, అన్నాను.
డబ్బా అడుగున మిగిలినవాళ్లు
సరిపోతారన్నాడు.