నలభై ఒక్క అడుగుల నూనె

రాత్రి పదకొండున్నరకు షట్టరు సగం దించి
ఎనిమిది లేన్లకూ నూనె పట్టించింది నేనే.
కాబట్టి పొద్దున ఎవరి నోట ఏ తిట్టు వచ్చినా
ముందు నాకే ముట్టాల.

బెంగళూరు నుంచి కాగితం వచ్చింది, గీతలూ అంకెలూ.
అరవై అడుగుల దారిలో నలభై ఒక్క అడుగు దాకా నూనె,
ముప్పై తొమ్మిది పలకలకూ ఇంచుమించు ఒకటే తడి.
మిగిలిన పంతొమ్మిది అడుగులూ
అనంతపురం మే నెల.

రోజూ మేం పట్టించేది అట్లుండదు.
నడుమ చిక్కన, పక్కల పలచన.
పుట్టినరోజుకొచ్చిన పిల్లోడు అడ్డదిడ్డంగా విసిరినా
లేనే వాని బంతిని చెయ్యి పట్టుకోని
పిన్నుల కాడికి తోడుకపోతుంది.
పదీ పడితే వాడు తన భుజాన్ని తానే చూసుకుంటాడు.
చూసుకోనీ. కేకు కోసే పూట కదా.

ఈరోజు చెయ్యి పట్టేవాళ్లు లేరు.
అంగుళం తప్పితే కాలవే.

రెండువందల ఇరవై కొట్టే తిప్పేస్వామి
నూటా నలభై ఆరు దగ్గర కూలబడి
బూట్లు విప్పకుండానే అందుకున్నాడు:
"ఇది పోటీనా, శిక్షనా?
స్ట్రైకులు చూద్దామని వచ్చినోళ్లు
ఏడో పిన్నూ పదో పిన్నూ
పాలు పంచుకున్న అన్నదమ్ముల మాదిరి
ఆ కొసనొకటి ఈ కొసనొకటి నిలబడింది చూసి
లేసి పోతాండారు."

హర్షియా బంతి తుడుచుకుంటా, తల ఎత్తకుండా,
"నీ రెండువందల ఇరవైలో
నీది ఎంత, నూనెది ఎంత అన్నా?"

కాసేపు ఏసీ చప్పుడు ఒక్కటే.

బళ్లారి ప్రహ్లాదరావు మెల్లగా గొంతు సవరించుకున్నాడు.
"కష్టం పెట్టండి, కాదనను.
ఏం కష్టమో ముందే చెప్పినారా?
ఆ కాగితం ఏ గోడకుంది?
పొద్దున ఆడినోళ్లు నూనెను ముందుకు ఈడ్చుకపోయినారు,
మధ్యాహ్నం మావాళ్లకు మిగిలింది వేరే లేను.
పేరొక్కటే అది."

కాగితం మేనేజరు సొరుగులో ఉండాది.
తాళంచెవి నా జేబులో.

నాకు గుంతకల్లు రోడ్డు నూనె మిల్లు మతికొచ్చింది.
శెనక్కాయ నూనె కారి కారి
నేలంతా అద్దమైపోయి ఉండేది.
యాడ జారుతుందో మా అరికాళ్లకు తెలుసు,
డబ్బా నెత్తిన పెట్టుకోని కండ్లు మూసుకోని నడిచేవాళ్లం.
ఒకనాడు కొత్త పిల్లోడు ఓబులేసు వచ్చినాడు.
ఎవరమూ చెప్పలా.
"కాలే నేర్చుకుంటుందిలే" అన్నాం.
పడినాడు. నవ్వినాం.
పైవారం కూలి తీసుకోను కూడా రాలా వాడు.

అది పరీక్షో కాదో
ఇరవై రెండేండ్లయినా నాకు తేలలా.
ఆ మిల్లు ఇప్పుడు లేదు,
ఆ నేల ఉంటే కాలు పెట్టి చూద్దును.

వాదన సాయంత్రం దాకా సాగింది.
టీలు రెండుసార్లు. ఉగ్గాని ఒకసారి.
గెలిచినోళ్లంతా లేను మంచిదన్నారు,
ఓడినోళ్లంతా న్యాయం అన్నారు,
హర్షియా ఒక్కతే, గెలుస్తా కూడా,
నా పక్కకొచ్చి అడిగింది:
"మామా, ఐదో లేనులో పన్నెండో పలకకు ఏమయింది?"

గుండె జారింది.
రాత్రి మిషను అక్కడ ఒక్క క్షణం దగ్గింది.
వేలెడు వెడల్పు పొడి గీత,
గుడ్డతో అద్ది, చాల్లే అనుకున్నా.
కంటికి కనపడేది కాదు.
ఆ పిల్లకు బంతి చెప్పింది.

చివరికి తీర్మానం: నూనె మార్చరు,
కాగితం గోడకు కొడతారు.
సొరుగు తీసి, నాలుగు మూలలా టేపు వేసి,
చెవి సందు నుంచి పెన్సిలు తీసి
కింద తెలుగులో రాసినా:

ఐదో లేను. పన్నెండో పలక పొడి.
తప్పు నాది. కుళ్లాయప్ప.

అందరికంటే ముందు తిప్పేస్వామి వచ్చినాడు,
కండ్లు చిట్లించి చూసినాడు,
మళ్లా ఏమీ అనకుండా
కండ్లద్దాలు తెచ్చుకోను పోయినాడు.