గుటక

గొంతుముడి కింద రెండు వేళ్లు ఆనించి
"ఇప్పుడు మింగండి" అంటాను.
లోపల ఆ చిన్న ఎముక లేచి దిగితే
నా వేలికొనకి తెలుస్తుంది.
ముప్పై ఏళ్లు బొగ్గుదుమ్ము మింగిన డెస్మండ్
పక్షవాతం తర్వాత
చెంచాడు నీళ్ల దగ్గర తడబడతాడు.

ఆ నీళ్లూ నీళ్లు కావు,
పొడి కలిపి గంజిలా చిక్కబరిచినవి.
టీ కూడా అంతే.
"గోడకాగితం అంటించే జిగురు"
అని ఎడమచేత్తో పలక మీద రాస్తాడు.
అక్షరాలు వంకర. కోపం మాత్రం తిన్నగానే ఉంది.

ఆయన కూతురు అడుగుతుంది: నువ్వు నర్సువా?
కాదు.
డాక్టరువా?
కాదు.
మరి?

ఆ "మరి?"కి పదకొండేళ్లుగా జవాబు చెబుతున్నాను.
నా మెడలో కార్డు మీద "మెరెయానా" కింద
అనుబంధ వైద్య సేవలు అని ఉంటుంది.
అనుబంధం అంటే
పుస్తకం చివర, సన్నక్షరాల్లో,
ఎవరూ తిప్పని పేజీలు.
అనుబంధానికి ఇంకో అర్థం కూడా ఉంది,
జీతం పట్టీలో దానికి గడి లేదు.

గడులంటే గుర్తొచ్చింది.
రోజుని పావుగంటలుగా కోసి
ఒక్కో ముక్కకి ఒక్కో కోడ్ వేయాలి.
మొన్న డెస్మండ్ ఏడ్చిన పావుగంటని
"ఇతరములు"లో వేశాను.

గ్రేమౌత్‌లో వాన.
నిన్నా వానే.
ఆస్పత్రి కారులో వెస్ట్‌పోర్ట్ దాకా వెళ్లి
ముగ్గుర్ని చూసి, చీకట్లో తిరిగొచ్చి,
రాతపని ఇంట్లో, అన్నం ప్లేటు పక్కన.
ఆరేళ్ల కిందటే జీతం నిచ్చెన పైమెట్టు ఎక్కేశాను.
దాని పైన ఆకాశం కూడా లేదు,
ఉన్నది ఒక సమావేశ మందిరం.

ఇవన్నీ ఓర్చుకునేదాన్నే.

కహు అని ఒక పిల్లాడు.
నాలుగేళ్లప్పుడు నా జాబితాలో నూటపన్నెండో పేరు.
వాడి వంతు వచ్చేసరికి ఐదు నిండాయి.
బడి పిల్లల జాబితా వేరట,
మళ్లీ చివర్నుంచి మొదలట.
ఆ సంగతి వాళ్లమ్మకి ఫోన్లో నేనే చెప్పాను.
వెనక నుంచి వాడి గొంతు వినిపించింది
"అమ్మా, తాహు గురించేనా?"
"క" పలకదు వాడికి.
ఆరు వారాల పని.
ఆరంటే ఆరు వారాలు.
తన పేరు తనకిప్పించలేకపోయాను.

ఫిజియో ఫిలిప్పా పోయిన చలికాలం మానేసింది.
నెల్సన్‌లో టైల్స్ దుకాణంలో చేరింది.
"పగిలిందని తెస్తే
ఇంకో టైలు ఇస్తే చాలు మెరె,
అది రాత్రి కలలోకి రాదు" అంది.
నవ్వింది. తర్వాత మోకాళ్ల ఆపరేషన్ల వార్డులో
ఎవరెలా నడుస్తున్నారని
ఒక్కొక్కరి పేరూ వరసగా అడిగింది.

పైవాళ్లు ఒక కాగితం పంపారు.
మీరు ఉద్యోగం వదలాలనుకోవడానికి ముఖ్య కారణం?
ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలి.
జీతమా, దూరమా, పనిభారమా, ఎదుగుదలా.
సగం చేసి వదిలేసిన పని
మనిషిని ఎలా తింటుందో
అడగలేదు.

ఇవాళ డెస్మండ్‌కి అసలు టీ ఇచ్చాను,
పొడి లేకుండా, చల్లార్చి, ఒకే ఒక్క చెంచా.
వేళ్లు ఆనించాను.
ఎముక లేచింది.
ఆగింది.
దిగింది.
దగ్గు రాలేదు.
పలక అందుకుని ఆయన రాసింది: "చక్కెర తక్కువైంది."

కారులో కూర్చున్నాను. సంచిలో రాజీనామా,
తేదీ ఒక్కటే ఖాళీ.
ఎంతమందికో మాట కూడబలికిన నోటికి
రెండు వాక్యాలు రావడం లేదు.
గుటక వేశాను.
దిగిందో లేదో
వేలు పెట్టి చూసేవాళ్లు లేరు.

రేపు తొమ్మిదింటికి వెస్ట్‌పోర్ట్.
పొడి డబ్బాలు రెండు పెట్టుకోవాలి.
చక్కెర కూడా.