మందుల పద్దు

మా ఇంటి లెక్కల పుస్తకం
ఎవరో వాడకుండా పారేసిన పోర్టు డైరీ.
అయిదేళ్ల కిందటి తేదీల మీద
ఈ ఏటి ఖర్చులు రాస్తుంది నూకరత్నం.
పాలు, గ్యాసు, కరెంటు, హేమ ట్యూషను,
గాజువాక చీటీ, మా అమ్మ షుగరు బిళ్లలు.
నా బండి పేరు అందులో ఎక్కడా ఉండదు.

బండి మెట్ల కింద ఉంటుంది
దుప్పటి కప్పుకుని.
అద్దాల్లేవు, లైటు లేదు, నంబరు ప్లేటు లేదు.
"రోడ్డెక్కని బండికి ఇంత సేవా?"
అంటాడు ఇంటి ఓనరు, అద్దెకొచ్చిన ప్రతిసారీ.
మల్కాపురం గాలిలో ఉప్పు,
పోర్టు వైపు నుంచి ఎర్రటి ఖనిజం దుమ్ము.
వారం ముట్టుకోకపోతే
చైను తుప్పు పట్టి తిరగనంటుంది.
రాత్రి క్రేను దిగి వచ్చి
పాత టూత్ బ్రష్షుతో
ఒక్కో లింకూ తోముతాను.
మెట్ల మీద నుంచి రత్నం:
"కన్నకూతురికి ఎప్పుడైనా
ఇలాగ పళ్లు తోమినావేటి?"

ఏడాదికి ఒక్క రేసు.
మద్రాసు అవతల ట్రాకు.
బండికి రైలు పార్సిలు, నాకు జనరల్ బోగీ.
ట్యాంకులో చుక్క లేదని
ముక్కు పెట్టి వాసన చూశాకే
సంతకం పెడతాడు పార్సిలు గుమాస్తా.
టైర్లు రెండు, ఎంట్రీ ఫీజు.
సూటు మాత్రం సెకండ్ హ్యాండు,
మోకాళ్ల దగ్గర
ఇంకెవడో పడ్డ గీతలు.
ఆటోనగర్‌లో జిలానీ భాయ్
ఇంజను విప్పి, టీ తాగి,
"సగం ఇప్పుడియ్, సగం గెలిచాక" అంటాడు.
మూడేళ్లుగా ఆ రెండో సగం
ఆయనా అడగలేదు, నేనూ ఎత్తలేదు.

మే నెలలో ఓ రాత్రి
రొయ్యలు వలుస్తూ అడిగింది రత్నం.
"ఒక్క రౌండుకి ఎంతవుద్ది?"
నేనెప్పుడూ భాగించి చూడలేదు.
ధైర్యం చాలక.
చేతులు కడుక్కుని తనే భాగించింది,
డైరీ ఆఖరి పేజీలో, హేమ పెన్సిలుతో.
టైర్లు, పార్సిలు, ఫీజు,
పోయే నాలుగు రోజుల జీతం,
ప్రాక్టీసుతో కలిపి నలభై రౌండ్లు.
"ఎనిమిది వందల పది.
పదమూడు రోజుల పాలు, మామా,
రెండు నిమిషాల్లో తాగేస్తన్నావు."
నవ్వేసింది.
నాకు నవ్వు రాలేదు.

ఆ జూన్‌లో గ్రిడ్ మీద నిలబడితే
హెల్మెట్‌లో నా ఊపిరి నాకే చప్పుడు.
మూడో రౌండుకి నెల పాలు అయిపోయాయి.
అయిదో రౌండు, పొడుగాటి కుడి మలుపు,
బండిని ఇంకాస్త వాల్చొచ్చు,
వాల్చితే జారొచ్చు,
జారితే క్లచ్ లివరు, ఫుట్ రెస్టు, సైలెన్సరు,
హేమ టర్మ్ ఫీజు.
చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోయింది.
ఇద్దరు దాటేశారు.

ఆఖరి రౌండులో మాత్రం ఏమైందో.
ముందున్నది కోయంబత్తూరు కుర్రాడు,
వాళ్ల నాన్న వ్యానులో మూడు జతల టైర్లు.
వాడు కాస్త బయటికి పోయాడు.
లోపల ఓ మనిషి పట్టేంత సందు.
దూరాను.
అక్కడ పాలు లేవు, ఫీజు లేదు,
మోకాలి కింద నేల బరబరమంది.
పదహారు మందిలో పదకొండోవాణ్ణి.
కప్పు లేదు, కవరు లేదు.
రత్నానికి ఫోన్ చేసి
ఆ సందు గురించే చెప్పాను, పది నిమిషాలు.
"తిన్నావా?" అంది.

అక్టోబరులో తుఫాను.
పోర్టు మూసేశారు, డ్యూటీ లేదు, కరెంటు లేదు.
కొవ్వొత్తి పక్కన ఊరికే డైరీ తిరగేశాను.
ఏప్రిల్: మందులు, 5,900.
మే: మందులు, 13,600.
జూన్: మందులు, 4,150.
అమ్మ బిళ్లలు నెలకి ఆరువందల నలభై,
అవి వేరే వరుసలో ఉన్నాయి.
ఎదురు పేజీలో, వచ్చినవి:
జాకెట్లు 11. జాకెట్లు 9. ఫాల్సు 20.

"ఎవరికే ఇన్ని మందులు?"
కిటికీ సందులో గుడ్డ కుక్కుతోంది,
వెనక్కి తిరగలేదు.
"నీకు తెల్దేటి?
మూడేళ్లయింది. తగ్గట్లేదు."

వాన తగ్గాక కిందికి దిగాను.
దుప్పటి తడిసి ముద్దయింది, చైను ఎర్రబడింది.
బ్రష్షు కుచ్చంతా ఎప్పుడో రాలిపోయింది.
ఊరుకున్నాను.

నిన్న డైరీలో,
పాల కింద, గ్యాసు పైన, కొత్త వరుస:
టూత్ బ్రష్షులు, 2.
ఒకటి హేమ తీసుకుంది.