రెండు బొట్లు

గంటావూరు మిట్టలో ఎండ నెత్తి మింద నిలబడిన పొద్దు
గట్టు కాడ కానుగ కింద కూచోనుంటే
మెడ మింద ఒక బొట్టు పడింది.
మబ్బు లేదు. మంచు కాలమూ కాదు.
తలెత్తితే కొమ్మను కరుచుకోని ఇలకోడి,
చేనంతా తన పేర రాసిచ్చినట్టు
రంపం కోత కోస్తా ఉండాది.

"దాని ఉచ్చే అది" అని నవ్వినాడు చెంగల్రాయుడు.
తుడుచుకున్నా. సల్లగా ఉండింది.
నీళ్ళే.
వేరు పైకి పంపే నీళ్ళు తాగుతుందంట అది,
కానుగ వండుకున్న కూడు జోలికి పోదంట.
నీళ్ళతో కడుపు నిండేదెప్పుడు?
తాగతానే ఉండాల, పోస్తానే ఉండాల.
ఏండ్ల తరబడి మన్ను కింద వేరు చీకి
పైకొచ్చి బతికేది నాలుగు వారాలు.
అరవనీ, పాపం.

మామ అరవనియ్యడు.
పలమనేరు మండీ లెక్క చూసుకునేటప్పుడు
ఆ గోలకి ఒకట్లు పదులు తారుమారైతాయని
కానుగ మిందికి రాయి విసురుతాడు.
రాయి తగిలితే ఒక చిటికె సేపు నిశ్శబ్దం.

ఆ చిటికెలోనే టమోటా సాల్లోకి దిగి
ఒక ఆకు తిప్పినా.

నూకగింజలో సగం లేవు ఒక్కొక్కటి,
పిండి పూసుకున్న రెక్కలు.
మొక్క కదిలిస్తే బూడిద లేచినట్టు లేచి
మళ్ళా అదే ఆకు అడుగున అణిగిపోయినాయి.
తెల్లదోమకి గొంతు లేదు.
నీళ్ళు దానికి పట్టవు,
ఎండకి నిలబడి ఆకు వండుకున్న తీపే కావాల.
తాగలేక వదిలిన బొట్టు నా చేతి మింద పడింది.
బంక.
సబ్బుతో తోమినా వేళ్ళు వేళ్ళకి అంటుకుంటానే ఉన్నాయి.
ఆ బంక మింద మసి పడతాది,
మసి పట్టిన ఆకుకి ఎండ అందదు.
పోతా పోతా ఈ మొక్క రోగాన్ని
పక్క మొక్కకి కొసరు ఏసిపోతాది.
మూడు సాళ్ళు అప్పుటికే ముడుచుకోనుండాయి,
చంటిబిడ్డ పిడికిళ్ళ మాదిరి.

రెడ్డెమ్మ పసుప్పచ్చ అట్టలకి ఆముదం పూసి
కర్రలకి కట్టుకుంటా వస్తా ఉండాది.

"మామా, రాయి ఇట్ల ఎయ్యి" అన్నా.
"యాడికి?"
ఆకు తిప్పి చూపించినా.
కండ్లద్దాలు ఇంట్లోనే మర్చినాడంట.
"ఏం లేదు పో" అని
మండీ చీటీ చెయ్యంత దూరం పట్టుకోని చదవబట్టినాడు.

పైన మళ్ళా మొదలైంది రంపం.
ఒక బొట్టు రాలి చీటీ మింద పడింది.
కమీషను అని రాసిన కాడ
సిరా కొంచెం చెదిరింది.